ఒకే గది, ఇద్దరు పిల్లలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. రెండు బెడ్‌రూముల ఇల్లు, ఇద్దరు పిల్లలు, వాళ్లకి మిగిలిన చిన్న గది. రంగుల గురించి అడిగారు, గోడ బొమ్మల గురించి అడిగారు. ఫ్యాను గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. అందుకే అక్కణ్నుంచే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఫ్లాటు. పిల్లల గది 10 అడుగులకు 11 అడుగులు. పాపకు 8, బాబుకు 5. ఇద్దరూ బంక్ బెడ్, అంటే మంచం మీద మంచం, కావాలని పట్టుబట్టారు. కింద ఆడుకోవడానికి చోటు కూడా మిగులుతుంది కదా అని మాకూ అనిపిస్తోంది. కొనవచ్చా?

జవాబు: కొనేముందు టేపు తీసుకుని ఫ్యాను దగ్గరికి వెళ్లండి. మన ఫ్లాట్లలో స్లాబు ఎత్తు సాధారణంగా తొమ్మిదిన్నర అడుగులు. ఒక అడుగు డౌన్ రాడ్‌తో బిగించిన ఫ్యాను రెక్కలు నేల నుంచి 8 అడుగుల పైచిలుకులో తిరుగుతాయి. మామూలు బంక్ బెడ్‌లో పై పరుపు మట్టం నేల నుంచి 4 అడుగుల 8 అంగుళాల దాకా వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్ల ఆ పరుపు మీద మోకాళ్లపై లేచి చెయ్యెత్తితే ఇంకో 4 అడుగులు. అంటే 8 అడుగుల 8 అంగుళాలు. రెక్కలకంటే పైకే అందుతుంది.

దూరంగా వేస్తే సరిపోదా అంటారేమో. 48 అంగుళాల ఫ్యాను గది మధ్యలో ఉంటే, 10 అడుగుల వైపు రెక్క కొస గోడకు సరిగ్గా 3 అడుగుల దూరంలో ఉంటుంది. మంచం వెడల్పు చట్రంతో కలిపి 3 అడుగుల 2 అంగుళాలు. రెక్క మంచం అంచు మీదే తిరుగుతుందన్నమాట. 11 అడుగుల వైపు గోడకు వేసినా నాలుగు అంగుళాల దూరమే మిగులుతుంది. మంచం అంచుకీ రెక్క కొసకీ మధ్య కనీసం రెండున్నర అడుగులు ఉండాలంటే గది 15 అడుగులకు పైనే ఉండాలి. మీ గదిలో అది కుదరదు.

బంక్ బెడ్డే కావాలంటే సీలింగ్ ఫ్యాను తీసేసి, ఎదురు గోడకు జాలీ ఉన్న 16 అంగుళాల వాల్ ఫ్యాను పెట్టించాలి. అప్పుడు కూడా మూడు సంగతులు చూడండి. ఆరేళ్లు నిండని పిల్లల్ని పై మంచం మీద పడుకోబెట్టకూడదు, కాబట్టి బాబు కిందే. పై పరుపు మీద నుంచి కటకటాల పైఅంచు దాకా కనీసం 5 అంగుళాలు ఉండాలి. చాలా ఇళ్లలో ఇక్కడే తప్పు జరుగుతుంది. షాపువాళ్లు 4 అంగుళాల పరుపు లెక్కతో కటకటాలు కడతారు, మనం మెత్తగా ఉంటుందని 6 అంగుళాల పరుపు తెచ్చి వేస్తాం, కటకటాల పని అయిపోతుంది. మూడోది, కటకటాల సందులు మూడున్నర అంగుళాలు దాటకూడదు. అంతకు మించితే ఒళ్లు జారి తల ఇరుక్కుంటుంది.

మా సలహా అడిగితే, రెండు విడి మంచాలు ఎల్ ఆకారంలో వెయ్యండి. 78 అంగుళాలకు 38 చట్రం ఉన్న మంచాలు రెండు తీసుకోండి. ఒకటి 10 అడుగుల గోడ వెంట మూలకు ఆనించి, రెండోది దానికి తగిలేలా 11 అడుగుల గోడ వెంట. 11 అడుగుల గోడలో అడుగు పైన ఇంకా మిగులుతుంది, అక్కడ చిన్న పుస్తకాల అర పడుతుంది. మధ్యలో దాదాపు 7 అడుగులకు 8 అడుగుల ఖాళీ నేల దొరుకుతుంది. బీరువాకు రెండడుగులు పోయినా పిల్లలు చాప పరుచుకుని ఆడుకోవడానికి అది చాలు. బంక్ బెడ్ వేస్తే మిగిలే చోటుకీ దీనికీ తేడా మీరనుకున్నంత ఉండదు.

ప్రశ్న: తల దక్షిణానికో తూర్పుకో పెట్టి పడుకోవాలని మా అత్తగారు. రెండు మంచాలకీ ఎలా కుదురుతుంది? (ఒంగోలు)

జవాబు: ఎల్ ఆకారాన్ని ఆగ్నేయ మూలలో మొదలుపెడితే కుదురుతుంది. దక్షిణం గోడ వెంట వేసిన మంచానికి తల తూర్పుకు, తూర్పు గోడ వెంట వేసిన మంచానికి తల దక్షిణానికి వస్తాయి. ఇద్దరి తలలూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి కబుర్లు ఆగవు. మధ్యలో 12 అంగుళాల ఎత్తు హెడ్‌బోర్డు ఒకటి పెట్టించండి.

దిక్కుకంటే ముందు చూడాల్సింది కిటికీ. కిటికీ గట్టు 3 అడుగుల ఎత్తులో ఉంటే, అడుగున్నర మంచం దానికి మెట్టు అవుతుంది. గ్రిల్ లేని స్లైడింగ్ కిటికీ కింద మంచం వద్దేవద్దు. గ్రిల్ ఉన్నా ఊచల మధ్య సందు 4 అంగుళాలకు తక్కువే ఉండాలి.

ప్రశ్న: మంచం కింద నుంచి లాగే పుల్ అవుట్ మంచం కార్పెంటర్‌తో చేయించాం. కొన్న రెండో పరుపు లోపలికి పోవడం లేదు. బలవంతంగా తోసి ఉంచితే వానాకాలంలో బూజు వాసన వస్తోంది. (రాజమహేంద్రవరం)

జవాబు: రెండు పరుపులూ ఒకే కొలత కొని ఉంటారు. పై పరుపు 72 అంగుళాలకు 36 అయితే, కింద కాళ్లూ పక్కచెక్కలూ పోను 70కి 33 మాత్రమే మిగులుతుంది. కింది పరుపును చట్రం లోపలి కొలత తీశాకే ఆర్డరివ్వాలి, అటూ ఇటూ మరో అరంగుళం వదిలి. మందం 4 అంగుళాలు దాటొద్దు. లెక్క ఇదీ: చక్రం 2 అంగుళాలు, చెక్క ముప్పావు, పరుపు 4. మొత్తం సుమారు 7. పై మంచం అడుగున 11 అంగుళాల ఖాళీ ఉంటే దుప్పటి మడిచి దాని మీదే పెట్టి తోసెయ్యొచ్చు.

బూజుకు కారణం ప్లైవుడ్ పలకను సందు లేకుండా మూసెయ్యడం. పిల్లల ఒంటి చెమట పరుపు అడుగుకు దిగుతుంది, పొద్దున్నే చీకట్లోకి తోసేస్తాం, గాలి తగలదు. కార్పెంటర్‌ను పిలిచి ఆ పలకకు ఆరు అంగుళాలకొకటి చొప్పున అంగుళం రంధ్రాలు వేయించండి. కొత్తగా చేయించేవాళ్లయితే పలక బదులు రెండంగుళాల ఎడంతో చెక్క బద్దలు కొట్టించండి. పరుపును లేవగానే లోపలికి తోయకుండా ఒక గంట బయటే ఉంచండి.

ఇంకో మాట. మనం నేల నీళ్లు పోసి తుడుస్తాం. పార్టికల్ బోర్డు, ఎమ్‌డీఎఫ్ లాంటి చెక్కపొట్టు పలకల అంచులు ఆ తడికి ఉబ్బి విచ్చుకుపోతాయి. కింది పెట్టెకు ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే ప్లైవుడ్ వాడి, కోసిన అంచులన్నిటికీ పట్టీ వేయించాలి. చక్రాలు నాలుగు చాలవు. మూలలకు నాలుగు, నడుమ రెండు. గట్టి ప్లాస్టిక్ చక్రాలు టైల్స్ మీద చప్పుడు చేస్తాయి, గీతలూ పెడతాయి. రబ్బరు తొడుగు ఉన్నవి తీసుకుని, ముందువైపు రెండింటికి బ్రేకు ఉండేలా చూడండి. లేకపోతే రాత్రి పిల్లవాడు దొర్లినప్పుడల్లా మంచం కదులుతుంది.

ప్రశ్న: పాపకు గులాబీ రంగు కావాలి, బాబుకు నీలం. రెండు గోడలు అదీ, రెండు గోడలు ఇదీ వేయిద్దామా? ఎంత పెయింటు పడుతుంది? (వరంగల్)

జవాబు: చెరి రెండు గోడలూ పంచితే గది చిన్నదిగా కనిపిస్తుంది. పైగా రెండేళ్లకు పాపకు గులాబీ నచ్చదు, అప్పుడు సగం గది మళ్లీ వేయించాలి. గదంతా ఒకే లేత రంగు వేయించండి. లేత గోధుమ వన్నె కానీ, వెన్న రంగు కానీ. ఎవరి రంగు వాళ్ల మంచం వెనకాల మాత్రం, 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు పట్టీగా. ఎప్పుడు మార్చాలన్నా సెలవురోజు ఒక్క పూటలో పని అయిపోతుంది.

10కి 11 గది, తొమ్మిదిన్నర ఎత్తుకు నాలుగు గోడలూ కలిపి 399 చదరపు అడుగులు. తలుపూ కిటికీ తీసేస్తే సుమారు 360. మంచి ఎమల్షన్ రెండు కోట్లకు లీటరుకు 60 నుంచి 70 చదరపు అడుగులు వస్తుంది. పిల్లల పట్టీలు రెండూ 48 చదరపు అడుగులు. మిగతా 312కి 5 లీటర్లు: నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి. పిల్లల రంగులు చెరో లీటరు కొనండి. సగానికి పైగా మిగులుతుంది. మూత బిగించి, మీద రంగు కోడ్ రాసి అటక మీద పెట్టండి, మరకలు పడ్డప్పుడు పనికొస్తుంది. ఒకే రంగు డబ్బాలన్నీ ఒకేసారి కలిపించుకోండి. వారం తర్వాత కలిపించిన లీటరు కొద్దిగా తేడా వస్తే గోడ మధ్యలో అతుకు కనిపిస్తుంది.

పట్టీ అంచు తిన్నగా రావాలంటే మాస్కింగ్ టేపు వేశాక, ముందు గోడ రంగునే టేపు అంచు మీద ఒకసారి పూయండి. టేపు కింది సందులు దాంతో మూసుకుపోతాయి. ఆపైన పిల్లల రంగు రెండు కోట్లు, మధ్యలో నాలుగు గంటల విరామం. రెండో కోటు పూర్తిగా ఆరకముందే టేపు లాగెయ్యాలి. ఆరాక లాగితే పెయింటు పొరలుగా లేస్తుంది.

ఇప్పుడు గోడకు డిస్టెంపర్ ఉంటే దాని మీద నేరుగా ఎమల్షన్ వద్దు, పొట్టులా ఊడుతుంది. గీకించి, ప్రైమర్ కొట్టించాకే. కొద్దిగా మెరుపున్న, కడగడానికి వీలయ్యే రకం తీసుకుంటే క్రేయాన్ గీతలు గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లకు పోతాయి. మ్యాట్ రకమైతే గీతతోపాటు రంగూ వస్తుంది.

పెద్దవాళ్లు తరచు మరిచిపోయేది పాత తలుపులూ గ్రిల్సూ. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎమ్ (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామెల్‌లో ఎక్కువే ఉండవచ్చు. దాన్ని పొడిగా ఎమెరీ కాగితంతో రుద్దిస్తే ఆ దుమ్ము పిల్లల చేతులకు, నోటికి చేరుతుంది. తడిపి రుద్దించండి, ఆ రోజు పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపండి. రంగు వేశాక కూడా మూడు నాలుగు రోజులు కిటికీలు తీసి ఉంచి, ఆ తర్వాతే పడుకోబెట్టండి.

ప్రశ్న: పిల్లల కోసం కార్టూన్ వాల్‌పేపర్ వేయించాం. ఆరు నెలల్లో కింద నుంచి ఉబ్బి ఊడింది. మళ్లీ వేయించాలంటే ఎన్ని రోల్స్ కావాలి? (కాకినాడ)

జవాబు: రోల్స్ తర్వాత. ముందు గోడలో చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చండి. రెండడుగుల చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించి రెండు రోజులు వదిలెయ్యండి. నీటి బొట్లు కాగితానికీ గోడకీ మధ్య పడితే చెమ్మ గోడలోది. గదివైపు పడితే గదిలో గాలి ఆడడం లేదని అర్థం. గోడలోదైతే అవతల స్నానాల గది ఉందా, బయట సజ్జ మీద నీళ్లు నిలుస్తున్నాయా, గోడకు పగుళ్లున్నాయా చూడండి. బాగుచెయ్యాల్సింది అవతలే. లోపలి నుంచి పుట్టీ మీద పుట్టీ పెట్టించినా తెల్లటి ఉప్పు పొడి దాన్ని తోసుకుని బయటికి వస్తుంది. పీవీసీ పలకలతో కప్పేద్దామని కొందరు మేస్త్రీలు చెబుతారు. చెమ్మ పోదు, బూజు కనపడకుండా పెరుగుతుంది, అంతే. బయటి పని ఎండాకాలంలో చేయించి, కనీసం ఒక నెల గోడను ఆరనిచ్చాకే రంగైనా కాగితమైనా.

అప్పుడు లెక్క: రోల్ వెడల్పు 21 అంగుళాలు, పొడవు 33 అడుగులు. 10 అడుగుల గోడకు ఆరు పట్టీలు, ఒక్కో రోల్‌కు మూడు. అంటే రెండు రోల్స్. బొమ్మ పెద్దదై అతుకు దగ్గర కలపాల్సి వస్తే మూడు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉన్నవాళ్లకు మా మాట, అదే డబ్బుతో మంచి ఎమల్షన్ వేయించుకోండి.

ప్రశ్న: పెద్దమ్మాయికి 11, బాబుకు 6. అద్దె ఇల్లు. అమ్మాయి రాత్రి పది దాకా చదువుతుంది, బాబు ఎనిమిదిన్నరకే పడుకోవాలి. మధ్యలో కర్టెన్ కడదామంటే ఓనరు గారు గోడలకు మేకులు వద్దన్నారు. (నిజామాబాద్)

జవాబు: గోడకు గోడకు మధ్య స్ప్రింగు రాడ్డు బిగించే ఆలోచన మానుకోండి. అది కిటికీకీ తలుపుకీ సరిపోతుంది గానీ, 10 అడుగుల దూరానికి నడుమ వంగి, పిల్లలు ఒక్కసారి లాగితే కర్టెన్‌తో సహా నెత్తిన పడుతుంది. పైగా గది నిలువునా కర్టెన్ కట్టేస్తే ఒక్క ఫ్యాను గాలి ఒకవైపే ఆగిపోతుంది. అవతల పడుకున్నవాళ్లు చెమటతో లేస్తారు.

అమ్మాయి మంచానికే నాలుగు మూలలా కర్రలు బిగించి, పాత పందిరి మంచంలా చేయించండి. గోడకు సంబంధం లేదు, ఇల్లు మారినా మీతో వస్తుంది. ఎత్తు నేల నుంచి ఆరడుగులు, అదీ ఫ్యాను రెక్కలకు దూరంగా ఉన్న మూలలో. తెర అడుగున ఒక అడుగు ఖాళీ వదిలితే గాలి ఆడుతుంది. పెడన కలంకారీ నూలు గుడ్డ దీనికి బాగుంటుంది. పన్నా 44 అంగుళాల చొప్పున ఉంటుంది. బయటికి కనిపించే రెండు వైపులకే, కుచ్చులతో కలిపి నాలుగు పన్నాలు. ఒక్కోటి మడతలతో రెండు మీటర్లు, మొత్తం 8 మీటర్లు. కుట్టించేముందే ఒకసారి చల్లటి నీళ్లలో విడిగా తడిపి ఆరెయ్యండి. నూలు గుడ్డ ముడుచుకుంటుంది, మొదటి ఉతుకులకు రంగూ కొంత దిగుతుంది.

దీపం సంగతి: ట్యూబ్‌లైట్ ఎనిమిదిన్నరకు ఆపెయ్యండి. అమ్మాయి తెర లోపల, పరుపు మీద నుంచి రెండడుగుల ఎత్తులో, మంచం కర్రకు క్లిప్పుతో పట్టే 5 వాట్ల చదువుకునే దీపం పెట్టండి. వెచ్చటి పసుపు వెలుగు, పెట్టె మీద 3000కె అని ఉంటుంది. వైరు మంచానికి, పిల్లల మెడకు తగలకుండా కర్ర వెంట క్లిప్పులతో కట్టండి. ఈ వయసు ఆడపిల్లకు బట్టలు మార్చుకోవడానికి చాటు, తాళం వేసుకునే ఒక సొరుగు, ఈ రెండూ మిగతా అలంకారం మొత్తంకంటే ఎక్కువ అవసరం.

ప్రశ్న: ఆరేళ్ల పాప, ఏడాదిన్నర బాబు. పాప చిన్న చిన్న బొమ్మలు బాబు నోట్లో పెట్టుకుంటున్నాడు. గదిలో మిణుకుమిణుకు లైట్లు, కొండపల్లి బొమ్మలు పెట్టాలని ఉంది. (మచిలీపట్నం)

జవాబు: మూడేళ్లు నిండేదాకా ఒకటింబావు అంగుళంకంటే చిన్న వస్తువేదీ బాబుకు అందే ఎత్తులో ఉండకూడదు. పాప పూసలు, బిల్డింగ్ బ్లాకులు మూత బిగుసుకునే డబ్బాలో, నాలుగడుగుల ఎత్తు అరలో పెట్టండి. కింది అరలు బాబువి. నాలుగడుగుల ఎత్తు పాపకు అందుతుంది, బాబుకు అందదు. కుర్చీ మాత్రం ఆ అర దగ్గర ఉంచకండి.

మిణుకు లైట్లలో బటన్ బ్యాటరీ (నాణెంలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీ) ఉన్నవి అసలు కొనకండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయేంత ప్రమాదం. అనుమానం వస్తే ఇంట్లో ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అదే బ్యాటరీ కొన్ని చిన్న రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో, పుట్టినరోజు కార్డుల్లోనూ ఉంటుంది. బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి.

కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రది. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి అతికిస్తారు, కింద పడితే ముందు ఊడేది అవే. అందుకే అది చూసే బొమ్మ, పై అరకు. బాబు చేతికి ఏటికొప్పాక లక్కబొమ్మ ఇవ్వండి, మొనలు లేకుండా గుండ్రంగా తిప్పి చేస్తారు. సహజ రంగులతో చేసినదేనా అని అడిగి, ఊడివచ్చే ముక్కలు లేనిది చూసి కొనండి.

ప్రశ్న: ఇద్దరికీ కలిపి గోడ పొడవునా ఒకే చదువు బల్ల వేయిస్తే సరిపోతుందా? (కరీంనగర్)

జవాబు: బల్ల ఒకటే అయినా ఎత్తు ఇద్దరికీ ఒకటి కుదరదు. నాలుగడుగుల లోపు పిల్లలకు కుర్చీ 12 అంగుళాలు, బల్ల 21. నాలుగడుగులు దాటితే 14, 23. కార్పెంటర్లు అలవాటుగా 30 అంగుళాలకు వేసేస్తారు, అది పెద్దవాళ్ల ఎత్తు. పిల్లలు భుజాలు పైకెత్తి రాస్తూ, కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటారు. 30కే వేయించాలనుకుంటే ఎత్తు మార్చుకునే కుర్చీలు, కాళ్ల కింద పీటలు తప్పవు. మనిషికి కనీసం రెండున్నర అడుగుల వెడల్పు ఇచ్చి, మధ్యలో ఆరంగుళాల ఎత్తు చెక్క నిలబెట్టండి. మోచేతుల గొడవ సగం తగ్గుతుంది.

ప్రశ్న: మేం డాలస్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పిల్లల బట్టలకు డ్రెస్సర్ (సొరుగుల బీరువా) పాతది కొన్నాం, కాస్త ముందుకు వాలినట్టుంది. గోడ బోలుగా ఉంది, మేకు నిలుస్తుందా?

జవాబు: అక్కడి గోడలు డ్రైవాల్, అంటే జిప్సం పలకలవి. వెనకాల సుమారు 16 అంగుళాలకొక కర్ర ఉంటుంది. గోడ వెనక కర్ర ఎక్కడుందో చూపే స్టడ్ ఫైండర్‌తో దాన్ని కనిపెట్టి, దానిలోకే రెండున్నర అంగుళాల స్క్రూ దింపి, డ్రెస్సర్‌ను గోడకు కట్టి ఉంచే పట్టీ బిగించండి. కర్ర లేని చోట బిగించినది పిల్లవాడు సొరుగు పట్టుకుని ఎక్కితే ఊడిపోతుంది. 2023 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే డ్రెస్సర్లకు పడిపోకుండా ఉండే ప్రమాణం తప్పనిసరి అయింది. మీది పాతది కాబట్టి ఆ భరోసా లేదు. ముందుకు వాలడానికి కారణం కార్పెట్. గోడ అంచున దాన్ని పట్టి ఉంచే మేకుల పట్టీ వెనక కాళ్లను కొద్దిగా ఎత్తుతుంది. ముందు కాళ్ల కింద పావు అంగుళం చెక్క ముక్కలు పెట్టి మట్టం సరిచేశాక పట్టీ బిగించండి. ఖాళీ చేసేటప్పుడు స్క్రూ రంధ్రాలను స్పాకిల్ అనే పుట్టీతో పూడ్చి, మీద గోడ రంగు కొద్దిగా అద్దితే చాలు. ఓనరుకు మాత్రం ముందే ఒక మెయిల్ పెట్టి ఉంచండి.